గుంటూరు జిన్నా టవర్ దగ్గర పిల్లాడికి ఏం చెప్పాలి?

ప్రశ్న: "మాది విజయవాడ. మా అబ్బాయి తొమ్మిదో తరగతి. దేశ విభజన గురించి చదివాక, గుంటూరులో జిన్నా టవర్ ఉందని ఎవరో చెప్పారట, చూపించమని ఒకటే గోల. మా మామగారేమో 'దేశాన్ని రెండు ముక్కలు చేసినవాడి గోపురం చూడ్డానికి పిల్లాణ్ని తీసుకెళ్తావా' అని కోప్పడుతున్నారు. వెళ్లాలా, వద్దా? వెళ్తే వాడికి ఏం చెప్పాలి? అక్కడ ఏదైనా గొడవ అవుతుందేమోనని కూడా టెన్షన్‌గా ఉంది."

అమ్మా, తీసుకెళ్లండి. నేను గుంటూరులోనే పుట్టి పెరిగాను. ముప్పై ఏళ్లకు పైగా హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను. తొమ్మిది, పది తరగతుల పిల్లల్ని ఆ టవర్ దగ్గరికి చాలాసార్లు తీసుకెళ్లాను. అందులో ఒకసారి పెద్ద తప్పే చేశాను. అదీ చెప్తాను, మీకు పనికొస్తుంది.

ముందు ఒక సంగతి. అక్కడ కళ్లు తిప్పుకోలేనంత అందం ఏమీ ఉండదు. ఆరు స్తంభాలు, వాటి మీద గుమ్మటం, చుట్టూ కంచె. కంచె అవతల ఆటోలు, తోపుడు బళ్లు, హారన్లు. మీవాడు "ఇంతేనా?" అంటాడు. అననివ్వండి. మా పిల్లలందరూ అదే అన్నారు.

మా ఇల్లు లాలాపేట వైపు. చిన్నప్పుడు నాకు జిన్నా టవర్ అంటే రిక్షా దిగే చోటు, అంతే. జిన్నా ఒక మనిషి అని నాకు ఏడో తరగతి దాకా తెలియదు. ఊళ్లో చాలామంది సంగతీ అంతే. బ్రాడీపేట, అరండల్‌పేట తెల్లదొరల పేర్లు. అక్కడ ఇల్లు అద్దెకు తీసుకునేవాళ్లు ఆ దొరలు మంచివాళ్లా చెడ్డవాళ్లా అని అడగరు. పేరు వాడగా వాడగా మనిషి మరుగున పడిపోతాడు, చోటు మిగులుతుంది. మళ్లీ ఎప్పుడో ఒకరోజు ఎవరో గుర్తుచేస్తే ఉలిక్కిపడతాం. మీవాడు ఇప్పుడు ఉలిక్కిపడ్డాడు. మంచిదే.

ఇంకో సంగతి వాడికి రోడ్డు పేరు చూపించి చెప్పండి. ఆ టవర్ ఉన్నది మహాత్మా గాంధీ రోడ్డు మీద. గాంధీ పేరున్న రోడ్డులో జిన్నా పేరున్న గోపురం. గుంటూరులో రోజూ వేలమంది ఆ రెండు పేర్లనూ ఒకే నిమిషంలో దాటుకుని పనికి పోతారు.

దాన్ని ఎవరు కట్టించారు అంటే ఊళ్లో రెండు కథలు చెప్తారు. ఒక కథ ప్రకారం, 1940ల మొదట్లో జిన్నా గుంటూరులో ఒక సభకు రావాల్సి ఉందట. ఆయన రాలేదు, ఆయన తరఫున ముస్లిం లీగ్ నాయకుడు లియాఖత్ అలీ ఖాన్ వచ్చారట. ఆ జ్ఞాపకంగా ఊరి ముస్లిం పెద్ద లాల్ జాన్ బాషా దీన్ని కట్టించారంటారు. రెండో కథ ప్రకారం, మున్సిపల్ చైర్మన్లుగా పనిచేసిన నడింపల్లి నరసింహారావు, తెల్లాకుల జాలయ్య గార్ల హయాంలో హిందూ ముస్లింల మధ్య స్నేహానికి గుర్తుగా ఇది లేచిందంటారు. రెండు కథలూ వాడికి చెప్పండి. ఏదో ఒకటే చెప్తే అప్పుడే పక్షం తీసుకున్నట్టవుతుంది. మొదటి కథ విన్నవాడికి అది ఒక పార్టీ జెండాలా కనిపిస్తుంది, రెండో కథ విన్నవాడికి చెయ్యీ చెయ్యీ కలిపినట్టు కనిపిస్తుంది. రాయి ఒకటే.

ఇక అసలు పని. నేను పిల్లలతో చేయించేది ఇదే: ఒక తెల్లకాగితం, ఒక పెన్సిల్ తీసుకుని తేదీలు వరుసగా రాయించడం. మనం జిన్నాను 1947 నుంచి వెనక్కి చూస్తాం. వెనక్కి చూస్తే అన్నీ ముందే రాసిపెట్టినట్టు ఉంటాయి. కానీ టవర్ కట్టినవాళ్లు 1947 దాకా వెళ్లి వచ్చి కట్టలేదు. వాళ్లు నిలబడ్డ చోట మనమూ నిలబడాలంటే మొదటి నుంచి ముందుకు నడవాలి.

1876లో కరాచీలో పుట్టాడు. లండన్‌లో బారిస్టర్ చదివి బొంబాయిలో వకీలుగా స్థిరపడ్డాడు. 1906లో కాంగ్రెస్ మహాసభలో ఉన్నాడు. 1913లో ముస్లిం లీగ్‌లో చేరాడు, కానీ కాంగ్రెస్‌ను వదల్లేదు, రెండింటిలోనూ ఉన్నాడు. 1916లో బాలగంగాధర తిలక్ మీద రాజద్రోహం కేసు పెడితే బొంబాయి హైకోర్టులో వాదించి గెలిపించింది జిన్నాయే. అదే ఏడాది కాంగ్రెస్‌కూ లీగ్‌కూ లక్నోలో ఒప్పందం కుదర్చడంలో ఆయనది పెద్ద చెయ్యి. ఆ రోజుల్లో సరోజినీ నాయుడు ఆయన ఉపన్యాసాలను పుస్తకంగా తెచ్చి, ఐక్యతకు రాయబారి అని పేరు పెట్టారు. 1918లో బొంబాయి గవర్నర్ విల్లింగ్డన్‌కు వీడ్కోలు సభ పెడితే, జిన్నా జనాన్ని వెంటబెట్టుకుని వెళ్లి అడ్డుకున్నాడు. దానికి మెచ్చి బొంబాయి జనం చందాలు వేసుకుని ఆయన పేర ఒక హాలు కట్టారు. ఆ హాలు ఇప్పటికీ ఉంది. అంటే ఆయన పేరుతో మన దేశంలో ఉన్నది గుంటూరు గోపురం ఒక్కటే కాదు.

ఇక్కడ పిల్లలు తలెత్తి చూస్తారు. "సార్, మరి ఎప్పుడు మారాడు?" అంటారు. వాళ్లు ఆ ప్రశ్న వేసిన రోజే నా పాఠం మొదలైనట్టు లెక్క.

1920 డిసెంబరులో నాగపూర్ కాంగ్రెస్‌లో గాంధీ సహాయ నిరాకరణను ఆయన వ్యతిరేకించాడు. సభలో జనం గేలి చేశారు. కాంగ్రెస్ నుంచి బయటికొచ్చేశాడు. ఆయన అభ్యంతరాల్లో ఒకటి, ఖిలాఫత్ (టర్కీ ఖలీఫా కోసం నడిచిన ఉద్యమం) పేరుతో మతాన్ని రాజకీయంలోకి తెస్తున్నారని. అదే మనిషి ఇరవై ఏళ్లకు మతం ఆధారంగా దేశం కావాలని అడిగాడు. ఈ రెండు విషయాలనూ ఒకదాని కింద ఒకటి రాయించండి. వివరించడానికి తొందరపడకండి. వాడినే కాసేపు చూస్తూ ఉండనివ్వండి.

మీరు విజయవాడవాళ్లు కనుక ఒక తేదీ తప్పకుండా చేర్చండి. 1921 మార్చి 31, ఏప్రిల్ 1. జిన్నా వెళ్లిపోయిన మూడు నెలలకు అఖిల భారత కాంగ్రెస్ కమిటీ బెజవాడలో సమావేశమైంది. కోటి మంది సభ్యులు, తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, ఇరవై లక్షల రాట్నాలు అని అక్కడే తీర్మానించారు. పింగళి వెంకయ్య గాంధీకి జెండా ఇచ్చింది కూడా అప్పుడే. ఆ వెంటనే మా గుంటూరు జిల్లా మండింది. చీరాల పేరాలలో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య జనాన్నంతా ఊరు ఖాళీ చేయించాడు. పెదనందిపాడులో రైతులు పన్ను కట్టబోమన్నారు. పల్నాడులో కన్నెగంటి హనుమంతు పుల్లరి (అడవిలో పశువుల్ని మేపినందుకు వేసే పన్ను) కట్టనని 1922 ఫిబ్రవరిలో ప్రాణమిచ్చాడు. ఇదంతా జిన్నాకు నచ్చని పద్ధతి. చట్టం, సభ, వాదన, ఇవే ఆయన దారి. మన జిల్లా ఎంచుకున్నది రెండో దారి. ఆ సంగతి వాడికి గర్వంగానే చెప్పండి.

1929 కూడా వదలొద్దు. భగత్ సింగ్ జైల్లో నిరాహార దీక్షలో ఉన్నప్పుడు, నిందితులు లేకుండానే విచారణ జరిపే చట్టం తేవాలని ప్రభుత్వం చూసింది. సెప్టెంబరులో కేంద్ర శాసనసభలో దాన్ని ఎదిరించి గట్టిగా మాట్లాడినవాళ్లలో జిన్నా ఒకడు. మా పిల్లల్లో ఈ మాట విని నమ్మనివాళ్లే ఎక్కువ.

ఆ తర్వాత 1940 మార్చి 23, లాహోర్ తీర్మానం. ముస్లింలు ఎక్కువగా ఉన్న ప్రాంతాలు వేరే రాజ్యాలు కావాలన్న కోరిక బాహాటంగా వచ్చింది అప్పుడే. 1941 ఏప్రిల్‌లో లీగ్ మహాసభ ఎక్కడ జరిగిందో తెలుసా? మద్రాసులో. అప్పటికి గుంటూరు మద్రాసు రాష్ట్రంలోదే. అంటే జిన్నా మన రాజధానికి వచ్చి, అధ్యక్షుడిగా కూర్చుని, ఆ కోరికను లీగ్ లక్ష్యంగా చేయించుకుని వెళ్లాడు. 1942 ఏప్రిల్‌లో మరో విచిత్రం. అంతకుముందు మద్రాసు ప్రధానిగా (ఇప్పటి లెక్కలో ముఖ్యమంత్రిగా) ఉన్న రాజాజీ, జాతీయ ప్రభుత్వం ఏర్పడాలంటే లీగ్ కోరికను ఒప్పుకోక తప్పదని మద్రాసు కాంగ్రెస్ శాసనసభ్యుల చేత తీర్మానం చేయించారు. అలహాబాదులో కాంగ్రెస్ దాన్ని తోసిపుచ్చింది, రాజాజీ కాంగ్రెస్‌కు రాజీనామా చేశారు. 1944 సెప్టెంబరులో గాంధీయే స్వయంగా బొంబాయిలో జిన్నా ఇంటికి రోజుల తరబడి వెళ్లి మాట్లాడారు. తేలలేదు.

ఇప్పుడు పెన్సిల్ వాడి చేతికిచ్చి, "ఈ వరుసలో టవర్ ఎక్కడ పెడతావు?" అని అడగండి. టవర్ కట్టింది 1940ల మొదటి సగంలో. అంటే లాహోర్ తీర్మానం తర్వాత, 1946 కలకత్తా మారణకాండకు ముందు. నేను ఇన్నేళ్లుగా ఆలోచించి తేల్చుకున్నది ఇదొక్కటే, అందుకే కాస్త నిలబడి చెప్తున్నాను. ఆ రాళ్లు పేర్చినవాళ్లకు దేశం చీల్చాలన్న కోరిక సంగతి తెలుసు. తెలియదని వాళ్లను పూర్తిగా వెనకేసుకురాలేం. "అప్పట్లో అందరూ అన్నదమ్ముల్లా ఉన్నారు, ఏ చెడూ లేదు" అని చెప్తే అది నిజం కాదు. కానీ ఆ కోరిక ఎక్కడ ముగుస్తుందో వాళ్లకు తెలియదు. రాజాజీ లాంటివాడికే ఒప్పందంతో సర్దుకుంటుందనిపించిన సమయం అది. గాంధీ ఇంకా ఆ ఇంటి మెట్లు ఎక్కుతున్న సమయం అది. ఆ రెండు తేదీల మధ్య నిలబడి చూస్తే ఆ గోపురం ద్రోహానికి గుర్తూ కాదు, పూర్తిగా స్నేహానికి గుర్తూ కాదు. ఏమవుతుందో తెలియని ఊరు, తెలియకుండానే ఒక మనిషి పేరు రాతిమీద పెట్టుకుంది.

కలకత్తా నుంచి తర్వాతి తేదీలు మెత్తగా చెప్పొద్దు. 1946 ఎన్నికల్లో మద్రాసు రాష్ట్రంలో ముస్లింలకు కేటాయించిన సీట్లు దాదాపు అన్నీ లీగ్ గెలిచింది. ఓటు మాత్రం ఆస్తో చదువో ఉన్న కొద్దిమందికే. 1946 ఆగస్టు 16న ప్రత్యక్ష చర్య దినమని లీగ్ పిలుపిచ్చింది. కలకత్తాలో నాలుగైదు రోజుల్లో వేలమంది చచ్చిపోయారు. ఆ పిలుపిచ్చింది జిన్నా. దాని బాధ్యత నుంచి ఆయన్ని తప్పించకూడదు. 1947లో గీత గీశారు. సుమారు కోటిన్నర మంది ఇళ్లు వదిలి అటూ ఇటూ నడిచారు, లక్షల్లో చనిపోయారు. ఆగస్టు 11న పాకిస్తాన్ రాజ్యాంగ సభలో జిన్నా లేచి, మీరు మీ గుడికి వెళ్లినా మసీదుకు వెళ్లినా రాజ్యానికి దానితో పని లేదని చెప్పాడు. అప్పటికే పంజాబ్‌లో మారణకాండ జరుగుతోంది. 1948 సెప్టెంబరు 11న చనిపోయాడు.

ఇప్పుడు నా తప్పు సంగతి. ఇరవై ఏళ్ల కిందటి మాట. పదో తరగతి పిల్లల్ని పొద్దున్నే టవర్ దగ్గరికి తీసుకెళ్లాను. పిల్లల మనసుల్లో జిన్నా అంటే ఉన్న పగ పోగొట్టాలన్న ఆవేశంలో ఉన్నాను. అందుకని 1916 దాకా గొప్పగా చెప్పాను. తిలక్ కేసు, లక్నో, సరోజినీ నాయుడు, అన్నీ. తర్వాతి భాగం రెండు ముక్కల్లో తేల్చేశాను. వచ్చేటప్పుడు ఒక అమ్మాయి వెనకబడి నా పక్కన నడుస్తూ వచ్చింది. వాళ్లది బట్టల కొట్టు, సింధీ కుటుంబం. తెలుగు మనకంటే బాగా మాట్లాడుతుంది. మెల్లగా అంది: "సార్, మా తాతయ్య కరాచీలో పుట్టాడు. పదేళ్లప్పుడు ఓడలో బొంబాయికి వచ్చారు. ఇంటి తాళం ఇంకా మా దేవుడి గదిలో ఉంది. మీరు ఆయన గురించి ఒక్కమాట కూడా చెప్పలేదు."

నాకు నోట మాట రాలేదు. జిన్నా పుట్టిన ఊరే వాళ్ల ఊరు కూడా. 1948 జనవరిలో కరాచీలో అల్లర్లు జరిగాక సింధీ హిందువులు గుంపులుగా ఓడలెక్కారు. అలా ఎక్కినవాళ్లలో ఒక కుటుంబం మా ఊరి దాకా వచ్చి బట్టలమ్ముకుని బతికింది. వాళ్ల మనవరాలిని టవర్ ముందు నిలబెట్టి నేను ఆ మనిషి మంచి వైపే చూపించాను. ఆ సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. ఆ పెద్దాయన కోప్పడలేదు. టీ ఇప్పించి, తాళం తెచ్చి నా చేతిలో పెట్టాడు. బరువైన ఇనుప తాళం. ఆయన అన్నది ఒకటే, "మాస్టారూ, పిల్లలకు ఇది కూడా చూపించండి." తర్వాతి ఏడాది నుంచి ఆయన్ని స్కూలుకు పిలిచేవాణ్ని. ఉన్నన్నాళ్లూ వచ్చాడు.

మీ చుట్టుపక్కల అలాంటి పెద్దలెవరైనా ఉంటే ముందు వాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి. విజయవాడ వన్‌టౌన్‌లో ఉత్తరాది వ్యాపార కుటుంబాలు చాలా ఉన్నాయి కదా, వాకబు చేయండి. వాళ్లు మాట్లాడతామంటేనే సుమా. ఆ గాయాన్ని పిల్లాడి హోంవర్క్ కోసం రేపకూడదు.

ఇంకో జాగ్రత్త ఇంతకంటే ముఖ్యం. మీవాడితో పాటు స్నేహితుల్ని కూడా తీసుకెళ్తే, వాళ్లలో ముస్లిం పిల్లాడు ఉంటే, జిన్నా పేరు రాగానే మిగతావాళ్లు వాడి ముఖం వంక చూస్తారు. నేను కళ్లారా చూశాను. తిట్టరు, ఏమీ అనరు, ఊరికే చూస్తారు. వాడు తల దించుకుని చెప్పు చివరతో మట్టి గీకుతాడు. ఎనభై ఏళ్ల కిందటి రాజకీయానికి పద్నాలుగేళ్ల పిల్లాడు ఎందుకు జవాబుదారీ కావాలి? పిల్లలు అలా చూసేదాకా ఆగొద్దు. బయల్దేరేముందే అందరికీ చెప్పండి. పాకిస్తాన్ వచ్చినప్పుడు వెళ్లే వీలున్న మా గుంటూరు ముస్లింలు ఎక్కువమంది వెళ్లలేదు. పట్నం బజారులో కొట్లు తెరిచారు, ఇక్కడే పెళ్లిళ్లు చేసుకున్నారు, ఇక్కడి మట్టిలోనే కలిశారు. టవర్ మీద ఉన్నది వెళ్లిపోయిన మనిషి పేరు. టవర్ చుట్టూ ఉన్నది వెళ్లకుండా ఉండిపోయినవాళ్లు. ఈ సంగతి పిల్లలందరి ముందూ చెప్తే, ఆ పిల్లాడు తలెత్తి నిలబడతాడు.

గొడవల సంగతి అడిగారు. ఇటీవలి చరిత్ర కూడా వాడికి తెలియాలి, కనుక చెప్తాను. 2021 డిసెంబరు చివర్లో ఆ పేరు మార్చాలని బీజేపీ నాయకులు డిమాండ్ చేశారు. అబ్దుల్ కలాం పేరో గుర్రం జాషువా పేరో పెట్టాలన్నారు. 2022 జనవరి 26న కొందరు అక్కడ జాతీయ జెండా ఎగరేయడానికి వస్తే పోలీసులు అదుపులోకి తీసుకున్నారు. ఫిబ్రవరి 1న నగరపాలక సంస్థ టవర్‌కు మూడు రంగులు వేయించింది. 3న హోంమంత్రి అక్కడ జెండా ఎగరేశారు. ఆ నెలల్లో ఆ సెంటర్‌లో పోలీసులు కాపలా ఉన్నారు. మామూలు రోజుల్లో అది మామూలు సెంటరే. బేరాలు, ట్రాఫిక్, సమోసాల వాసన. ఏదైనా ర్యాలీ ఉందని తెలిస్తే ఆ రోజు వెళ్లకండి. ఆగస్టు 15, జనవరి 26 కూడా వద్దు.

"మరి పేరు మార్చాలా?" అని మీవాడు కచ్చితంగా అడుగుతాడు. నన్నడిగితే మార్చొద్దంటాను. ఆయన మీద గౌరవంతో కాదు. పేరు తీసేస్తే నా విద్యార్థులు అడిగే "ఎప్పుడు మారాడు?" అన్న ప్రశ్న కూడా పోతుందని నా భయం. మార్చమనేవాళ్లకూ బలమైన మాటే ఉంది. ఆ సింధీ పెద్దాయన లాంటివాళ్లు రోజూ ఆ పేరు మీదుగా కొట్టుకు వెళ్లాలి కదా. జాషువా పేరు పెట్టాలనడంలోనూ తప్పేం లేదు. మా జిల్లా మహాకవి ఆయన, ఆయనకు ఊళ్లో ఎంత గౌరవం చేసినా తక్కువే. నా కోరిక వేరే. పేరు ఉంచి, పక్కన నిలువెత్తు బోర్డు పెట్టాలి. తిలక్ కేసు, లక్నో, నాగపూర్, లాహోర్, కలకత్తా, కోటిన్నర మంది, అన్నీ తేదీలతో, తెలుగులో, ఉర్దూలో. మీవాడిని అలాంటి బోర్డు ఒకటి రాయమనండి. పన్నెండు వాక్యాలు మించకూడదని షరతు పెట్టండి. ఏది ఉంచాలి, ఏది వదలాలి అని వాడు పడే అవస్థే చరిత్ర చదవడం.

సరిహద్దు అవతల కూడా ఇదే తంటా ఉందని చెప్పండి. లాహోర్‌లో లక్ష్మీ చౌక్ ఉంది, సర్ గంగారామ్ ఆసుపత్రి ఉంది, ఆ పేర్లతోనే నడుస్తున్నాయి. భగత్ సింగ్‌ను ఉరి తీసిన చోట ఉన్న షాద్‌మాన్ చౌక్‌కు ఆయన పేరు పెట్టాలని అక్కడివాళ్లే కొందరు ఏళ్ల తరబడి కొట్లాడుతున్నారు, అక్కడివాళ్లే కొందరు అడ్డుపడుతున్నారు. మీవాడు ఇది వింటే ముందు ఆశ్చర్యపోతాడు, తర్వాత ఆలోచనలో పడతాడు.

ప్రయాణం సంగతి క్లుప్తంగా. ఆదివారం పొద్దున ఆరున్నరకల్లా గుంటూరులో ఉండేలా బయల్దేరండి. బస్సయినా రైలయినా గంట పైన పడుతుంది. దిగి ఏ ఆటోవాణ్ని అడిగినా జిన్నా టవర్ అంటే చాలు. ఎండ ఎక్కకముందు, బళ్లు రోడ్డెక్కకముందు చూసేయాలి. కంచె దూకి లోపలికి వెళ్లొద్దు. అక్కడి కొట్లవాళ్లను, నమాజుకు వెళ్లొచ్చేవాళ్లను అడక్కుండా ఫొటోలు తీయొద్దు. టిఫిన్ తిని, కాసేపు పట్నం బజారులో నడిచి, తొమ్మిదింటికి తిరుగు బస్సు ఎక్కితే, మధ్యాహ్నం విజయవాడలో బందరు రోడ్డు మీద బాపు మ్యూజియం చూడొచ్చు. తెరిచి ఉందో లేదో ముందే కనుక్కోండి.

అది ఎందుకంటారా? 1887లో విక్టోరియా రాణి పాలనకు యాభై ఏళ్లు నిండాయని పునాది వేసిన భవనం అది. విక్టోరియా జూబిలీ హాలు అనేవారు. బెజవాడ కాంగ్రెస్ సమావేశమప్పుడు వెంకయ్య జెండా గాంధీ చేతికి చేరిన చోటు అదే. రాణి పేరున్న భవనంలో ఆమె రాజ్యాన్ని పంపించే జెండా పుట్టింది. దానికి 2020లో బాపు మ్యూజియం అన్న పేరుతో కొత్త హంగులు దిద్దారు. మన దగ్గరే ఒక భవనం పేరు మారింది, ఒక గోపురం పేరు మారలేదు. ఒకే రోజు రెండూ చూస్తే, పేరు మార్చడం గురించి వాడి అభిప్రాయం ఏమిటో వాడే చెప్తాడు. నా అభిప్రాయానికి అడ్డంగా ఉన్నా సరే, చెప్పనివ్వండి.

ఇక మీ మామగారు. ఆయన్ని ఇంట్లో వదిలి వెళ్లకండి అమ్మా. ఆయన కోపంలో అర్థముంది. ఆయన వయసు నేననుకున్నంతే అయితే, 1965, 1971 యుద్ధాలు ఆయనకు బాగా గుర్తుండాలి. 1971 డిసెంబరులో విశాఖ దగ్గర పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిన వార్త రేడియోలో విన్న తరం మాది. రాత్రుళ్లు దీపాలార్పుకుని కూర్చున్న ఇళ్లు మావి. ఆ భయం చూసినవాడికి ఆ పేరు వినగానే ఒళ్లు మండడం సహజం. ఆయనతో వాదించొద్దు. "మామయ్యగారూ, మీరు రండి, వాడికి యుద్ధం రోజుల సంగతి మీరే చెప్పాలి" అనండి. తేదీల కాగితంలో 1948 కింద రెండు గీతలు ఖాళీగా ఉంచి, పెన్సిల్ ఆయన చేతికివ్వండి. బస్సులో కిటికీ పక్క సీటు మీవాడికి, వాడి పక్క సీటు ఆయనకు.